చీటీ డబ్బు డిపాజిట్ వేసి కార్డు తీసుకోనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది పొదలకూరు. ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన నిమ్మకాయల మండీలో గుమస్తా. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా మామగారిని ఆసుపత్రిలో చేర్చాం. చేతిలో డబ్బు ఆడక నా పేరు మీదున్న క్రెడిట్ కార్డు గీకేశాం. 48,000. తర్వాత కట్టలేకపోయాం. అది పెరిగి పెరిగి 71,000 అయింది. పొద్దున లేస్తే ఫోన్లు. 2023లో వాళ్లే 30,000 కడితే చాలు, మిగతాది వదిలేస్తామన్నారు. గాజులు కుదవ పెట్టి కట్టేశాం. పీడ విరగడైంది అనుకున్నాం.

ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొందామని ముద్రా లోనుకి బ్యాంకుకి పోతే, సిబిల్ 594 ఉంది, పాత కార్డు సెటిల్‌మెంట్ అని చూపిస్తోంది, రాదమ్మా అన్నారు. మొన్న చీటీ ఎత్తితే 25,000 వచ్చింది. అది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని మీద కార్డు ఇస్తారు, వాడి కడుతూ ఉంటే స్కోరు పెరుగుతుంది అని మా తోటికోడలి తమ్ముడు అంటున్నాడు. నా డబ్బు నేనే బ్యాంకులో పెట్టి, మళ్లీ నేనే అప్పు వాడుకోవడం ఏందక్కా? ఇంకొకాయన నెల్లూరులో 6,000 ఇస్తే సిబిల్ క్లీన్ చేయించేవాళ్లున్నారు అంటున్నాడు. మా ఆయనేమో కార్డు పేరెత్తితే అన్నం దగ్గర్నుంచి లేచిపోతున్నాడు. ఏం చేయమంటారు? పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, ముందు ఆ 6,000 సంగతి తేల్చేద్దాం. ఇవ్వొద్దు. మీ రికార్డులో పడింది నిజంగా జరిగిందే. దాన్ని చెరిపే అధికారం నెల్లూరులో కూర్చున్న ఏజెంటుకి లేదు, ఆఖరికి మన అప్పుల రికార్డు ఉంచే సిబిల్ కంపెనీకి కూడా లేదు. కార్డిచ్చిన బ్యాంకు ఏం రాసి పంపిందో అదే వాళ్లు చూపిస్తారు. మార్చాలంటే ఆ బ్యాంకే మార్చి పంపాలి. ఒకవేళ రికార్డులో తప్పు పడి ఉంటే, అంటే మీది కాని అప్పు మీ పేరు మీద ఉన్నా, కట్టేసింది కట్టనట్టు ఉన్నా, మీ ఫోన్లోంచి మీరే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. డబ్బు పుచ్చుకునేవాళ్లు చేసేది కూడా ఇదే ఫిర్యాదు. కాకపోతే మీ పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ వాళ్ల చేతికి పోతాయి. నాకు భయం ఆ 6,000 గురించి కన్నా ఈ ఓటీపీల గురించే ఎక్కువ.

ఇక మీరడిగిన అసలు మాట. నా డబ్బు పెట్టి నేనే అప్పు తీసుకోవడం ఏంది అన్నారు. నేను ఇరవై ఆరేళ్లు ఒంగోలు, నెల్లూరు బ్రాంచీల్లో కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. మీ వీధి చివర చిల్లర కొట్టు ఉందనుకోండి. ఒకప్పుడు అక్కడ మీకు పద్దు ఉండేది. ఒక కష్టకాలంలో బాకీ నిలిచిపోయింది, కొట్టాయన సగం తీసుకుని సగం కొట్టేశాడు. ఇప్పుడు మళ్లీ పద్దు రాయమంటే రాయడు. మీరు మంచివాళ్లని తెలిసినా రాయడు, ఎందుకంటే ఆయన కంటికి పుస్తకంలో కనబడేది ఆ కొట్టివేతే. అప్పుడు మీరు, "అన్నా, ఈ 2,000 నీ దగ్గర ఉంచు, అందులో నేను తాకను. నెలకు 500 సరుకు రాయి, ఒకటో తారీకుకల్లా కట్టేస్తా" అన్నారనుకోండి. ఆయనకి నష్టం లేదు కాబట్టి రాస్తాడు. ఏడాది గడిచేసరికి పుస్తకంలో పన్నెండు వరసలు ఉంటాయి, పన్నెండూ సమయానికి కట్టినవే. మీరు ఆ 2,000తో కొన్నది సరుకు కాదమ్మా, ఆ పన్నెండు వరసల్ని.

డిపాజిట్ మీద ఇచ్చే కార్డు పని అంతే. అప్పు అవసరం తీరడానికి కాదు దాన్ని తీసుకునేది. పరపతి పోయినవాళ్లు మళ్లీ పుస్తకంలోకి ఎక్కడానికి. డిపాజిట్ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంటుంది, దానికి వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. బ్యాంకును బట్టి డిపాజిట్లో 75 శాతం నుంచి 100 శాతం దాకా కార్డు లిమిట్ ఇస్తారు. జీతం కాగితాలు అడగరు, స్కోరు తక్కువైనా సాధారణంగా పట్టించుకోరు. ఆ తర్వాత మాత్రం అది మామూలు క్రెడిట్ కార్డే. మీరు కట్టినదీ, కట్టనిదీ సిబిల్‌కి, ఇంకా ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే మిగతా మూడు కంపెనీలకీ పోతుంది. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలని నియమం కూడా వచ్చింది, కాబట్టి మునుపటిలా నెల, రెండు నెలలు ఆగనక్కర్లేదు.

కాబట్టి మీ తోటికోడలి తమ్ముడు చెప్పింది నిజమే. కానీ సగమే చెప్పాడు. కార్డు తీసుకుంటే స్కోరు పెరగదు. బిల్లు మొత్తం, గడువులోపు, నెల తప్పకుండా కడితే పెరుగుతుంది. తప్పితే ఇంకా పడుతుంది. డిపాజిట్ ఉంది కదా, కట్టకపోతే అందులోంచి తీసుకుంటారులే అని చాలామంది అనుకుంటారు. తీసుకుంటారు, నిజమే. డిపాజిట్ రద్దు చేసి బాకీ మినహాయించుకుంటారు, బ్యాంకుకి వచ్చిన నష్టమేమీ లేదు. మీ పేరు మీద మాత్రం అన్ని రోజుల ఆలస్యం పుస్తకంలో ఉండిపోతుంది. డబ్బూ పోయి, పేరూ పోయి, గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఆ పుస్తకం ఎలా ఉంటుందో మీకు చూపించాలి, ఎందుకంటే చూశాక ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. సిబిల్ రిపోర్టులో ఒక్కో అప్పు కింద చిన్న చిన్న గడులు ఉంటాయి. నెలకొక గడి, మూడేళ్లకి ముప్పై ఆరు. సమయానికి కట్టిన నెల గడిలో 000 అని ఉంటుంది. ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె ఉంటుంది. నాది నేను చూసుకున్న రోజు గుర్తుంది. రిటైరయ్యాక మేం ఇల్లు మారాం, ఫోను నంబరూ మారింది. ఎప్పుడో తీసుకుని వాడకుండా బీరువాలో పెట్టిన కార్డు ఒకటుండేది. దానికి ఏడాది ఫీజు 500 పడింది, జీఎస్టీతో 590. బిల్లు పాత నంబరుకి పోయింది, నాకు తెలియలేదు. మా అబ్బాయి ఇంటి లోనుకి నేను కూడా సంతకం పెట్టబోతే అప్పుడు బయటపడింది. వరసగా 000, 000, 000 అని పోతున్న గడుల్లో ఉన్నట్టుండి 028, పక్కన 059, దాని పక్కన 089. నేను అప్పు చేసి ఎరగను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎంతమందికో ఈ గడుల గురించి చెప్పినదాన్ని. ఆ 590 రూపాయలకి పడ్డ అంకె, 5 లక్షలు ఎగ్గొట్టినవాడికి పడే అంకె ఒక్కలాగే ఉంటాయి. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మీకు చెప్పే మొదటి పని కార్డు కాదు, మీ రిపోర్టు తెప్పించుకోవడం. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న నియమం ఇది. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. లోను కోసం బ్యాంకులు చూసినప్పుడే అది ఎంక్వైరీగా పడుతుంది, అందుకే ఒకరు కాదన్నారని వారంలో నలుగురి దగ్గరికి పోకూడదు. రిపోర్టులో ఆ పాత కార్డు దగ్గర ఏం రాసి ఉందో చదవండి. సెటిల్డ్ అని ఉంటే సరే. కొన్నిసార్లు సెటిల్‌మెంట్ డబ్బు కట్టినా బ్యాంకు రికార్డు మార్చదు, ఇంకా 41,000 బాకీ, రిటన్ ఆఫ్ (వసూలు కాదని కొట్టేసిన బాకీ) అనే ఉండిపోతుంది. మీ దగ్గర 2023 నాటి సెటిల్‌మెంట్ ఉత్తరం, కట్టిన రశీదు ఉన్నాయా? వెతకండి. అలా ఉంటే మాత్రం ఫిర్యాదు పెట్టి మార్పించుకోవాలి. మైక్రోఫైనాన్స్ కంతులుంటే అవీ చూడండి. గాజులు కుదవ పెట్టారన్నారు, బ్యాంకులో పెట్టి ఉంటే ఆ బంగారం లోను కూడా ఇందులోనే ఉంటుంది. దాని గడువు దాటిపోయి వేలం నోటీసు దాకా వస్తే కొత్త కార్డు చేసే మేలంతా దానితో కొట్టుకుపోతుంది. గాజులు ఇంకా విడిపించకపోతే, కార్డు కన్నా ముందు ఆ వడ్డీ కట్టి తిరగరాయించుకోండి.

ఇప్పుడు ఆ సెటిల్‌మెంట్. దీని గురించి మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని నా అనుమానం, నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే. "30,000 కట్టండి, వదిలేస్తాం" అన్నవాళ్లు, వదిలేసిన 41,000 మీ పేరు పక్కన సెటిల్డ్ అనే మాటగా ఏళ్ల తరబడి కూర్చుంటుందని కూడా ఆ ఫోన్లోనే చెప్పి ఉండాల్సింది. కనీసం ఏడేళ్లు రికార్డు ఉంచాలని చట్టం కింద నియమం ఉంది. బాకీ మొత్తం తీర్చినవాళ్లకి క్లోజ్డ్ అని పడుతుంది, తగ్గించి తీర్చినవాళ్లకి సెటిల్డ్ అని పడుతుంది. మేనేజరు కంటికి ఈ రెండు మాటల మధ్య తేడా కొండంత.

దాన్ని క్లోజ్డ్‌గా మార్చే దారి ఒకటుంది. ఆ బ్యాంకుకే పోయి, వదిలేసిన మొత్తం ఇప్పుడు కడతాను, క్లోజ్డ్ అని పంపండి అని రాతపూర్వకంగా అడగడం. ఎంత కట్టాలో, కడితే ఏమని పంపుతారో ముందు వాళ్ల ఉత్తరం చేతికి రావాలి. ఉత్తరం లేకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. వసూలు మనిషి ఫోన్‌పే నంబరుకి అసలే పంపొద్దు. కట్టాక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ కాగితం తీసుకోవాలి. ఇలా మారినా పాత ఆలస్యాల గడులు వెంటనే పోవు, అవి కాలం మీదే వెనక్కి జరగాలి. మీకు ముందే తెలియాలని చెబుతున్నాను.

చీటీ డబ్బు 25,000, ఆ బాకీ 41,000. కొందరు సలహాదారులు ముందు అది తీర్చేయమంటారు. నేను అలా చెప్పను. ఇప్పుడు ఆ 41,000 కోసం ఇంకో చోట రెండు రూపాయల వడ్డీకి తెస్తే మీ ఇల్లు మళ్లీ 2021లోకి పోతుంది. కార్డు ఇప్పుడు మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి కావలసింది నెలలు, నెలలు కొనుక్కోవడానికి దొరకవు. ఏడాది పాటు చీటీలాగా నెలకింత ఆ పాత బాకీ పేరుతో పక్కన పెట్టండి. మిషన్ లోనుకి మళ్లీ పోబోయే ముందు ఆ బ్యాంకుతో మాట్లాడండి.

25,000 మొత్తం డిపాజిట్ వేయొద్దు. కార్డు నడిచినంత కాలం ఆ డబ్బు తాకట్టులో ఉంటుంది, పిల్లలకి జ్వరం వచ్చినా తీయలేరు. కార్డు మూసి, బాకీ లేదని తేలాకే చేతికొస్తుంది. కొన్ని బ్యాంకులు 10,000, 15,000కి కూడా ఇస్తాయి, కొన్ని 20,000, 25,000 అడుగుతాయి. 15,000తో వచ్చేది చూసుకోండి, 20,000 దాటొద్దు. మిగిలింది మీ ఖాతాలోనే ఉండాలి. జూన్లో ఫీజుల డబ్బు డిపాజిట్లో ఇరుక్కుంటే మీరు కార్డు గీకి ఫీజు కడతారు, అక్కడే కథ మళ్లీ మొదలవుతుంది. పాత కార్డిచ్చిన బ్యాంకు దగ్గరికి దీనికోసం పోనక్కర్లేదు, వాళ్ల లోపలి పుస్తకంలో మీ పేరు ఇంకా ఉండి ఉంటుంది. వేరే బ్యాంకు చూడండి. మీ డిపాజిట్ భద్రం గురించి బెంగ వద్దు, బ్యాంకుల్లో ఒక్కొక్కరి డిపాజిట్లకి 5 లక్షల దాకా బీమా ఉంది.

ఫోన్ యాప్‌ల వాళ్లు కార్డు ఇస్తామంటూ వెంటపడతారు. వాటిలో కొన్ని ముందే డబ్బు నింపుకునే ప్రీపెయిడ్ కార్డులు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ వాటితో పుస్తకంలో ఒక్క గీత పడదు. క్రెడిట్ కార్డేనా, ఏ బ్యాంకు ఇస్తోంది అని అడిగి తీసుకోవాలి.

ఎంత వాడాలి? 15,000 డిపాజిట్ మీద 90 శాతం ఇస్తే లిమిట్ 13,500. అందులో మూడో వంతు కన్నా తక్కువలో ఉండమని ఈ రంగంలో అందరూ చెప్పే లెక్క, అంటే 4,000 లోపు. లిమిట్ అంచుల దాకా వాడేవాళ్లని డబ్బుకి ఇబ్బంది పడుతున్నవాళ్లుగా స్కోరు లెక్కేస్తుంది. అయితే నేను మీకు చెప్పే లెక్క వేరు, అది మీ పని తెలిసి చెబుతున్నది. మీకు డబ్బొచ్చేది ముహూర్తాలున్నప్పుడు. శ్రావణంలో రాత్రి పన్నెండు దాకా మిషన్ ఆగదు, ఆషాఢంలో నాలుగు జాకెట్లు వస్తే గొప్ప. మీ ఆయన జీతం కూడా మండీ నడిచేదాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి కార్డు ఖర్చు ఎంతో శ్రావణం చూసి పెట్టుకోకండి. ఆషాఢంలో, చేతిలో ఏమీ లేని నెలలో, ఎవరినీ అడగకుండా ఎంత కట్టగలరు? 1,500 అంటే 1,500. ప్రతి నెలా అంతే వాడండి. శ్రావణంలో కూడా అంతే. తక్కువ వాడారని స్కోరు అలగదు.

దేనికి వాడాలంటే, ఎలాగూ కొనేవాటికే. గ్యాస్ బండ, కరెంటు బిల్లు. లేదా నెల్లూరు చిన్నబజారుకి వచ్చినప్పుడు కొనే లైనింగ్ గుడ్డ, ఫాల్స్, దారాలు. రెండు మూడు బిల్లులు చాలు. కార్డు తీసుకున్నాం కాబట్టి కొత్తగా ఏదో కొనడం అనేది ఉండకూడదు. ఆ రోజే, దుకాణంలోంచి బయటికొచ్చాక, అంత డబ్బు ఖాతాలో పక్కన ఉందా అని చూసుకోండి. లేకపోతే ఆ కార్డు ఆ రోజు వాడాల్సింది కాదు. రూపే క్రెడిట్ కార్డయితే యూపీఐలో కలుపుకుని కొట్లలో క్యూఆర్ మీద కూడా కట్టవచ్చు. గీకే మిషన్ లేని చిన్న కొట్లకి ఇది బాగుంటుంది, వ్యాపారి క్యూఆర్ అయితేనే పనిచేస్తుంది. కానీ మొదటి ఆరు నెలలు కలపొద్దంటాను. ఫోన్లో వేలితో కొట్టేది డబ్బని అనిపించదు. ఏటీఎంలో మాత్రం ఈ కార్డు ఎప్పుడూ పెట్టకండి. నగదు తీస్తే ఫీజు వేరే, వడ్డీ తీసిన రోజు నుంచే మొదలు.

బిల్లు వచ్చిన రోజు ఇంకో ఉచ్చు ఉంది. దానిమీద రెండు అంకెలు ఉంటాయి, మొత్తం కట్టాల్సింది, కనీసం కట్టాల్సింది. 4,000 బిల్లు మీద కనీసం 200 అని ఉంటుంది. 200 కడితే ఆలస్యం గడి పడదు, అంతవరకే. మిగతా దానిమీద వడ్డీ నడుస్తుంది, ఆ తర్వాత కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ వడ్డీ ఎంతో బ్యాంకు భాషలో వద్దు, మన భాషలో చెబుతాను. మూడున్నర రూపాయల వడ్డీ. మన ఊళ్లలో రెండు రూపాయలకి ఇచ్చేవాణ్ణే నోరారా తిట్టుకుంటాం. 13,500 బాకీ ఏడాది పాటు అలాగే ఉంచితే నెలకు 472న్నర చొప్పున 5,670, దానిపై 18 శాతం జీఎస్టీ 1,020, మొత్తం 6,690. మీ 15,000 డిపాజిట్ మీద ఆరున్నర శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 975. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి మిషన్ మీద గోడకి అంటించండి.

గడువు తేదీ మీకు అనుకూలంగా పెట్టించుకోవచ్చు. బిల్లు తిరిగే తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే హక్కు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. మీ ఆయన జీతం ఏ తారీకు వస్తుందో చూసి, దానికి నాలుగైదు రోజుల తర్వాత గడువు పడేలా అడగండి. ఖాతా నుంచి దానంతటదే కట్టేలా ఆటో డెబిట్ పెట్టించండి, కాగితంలో మొత్తం బిల్లు అన్నదానికి టిక్ పెట్టండి. కనీస మొత్తానికి టిక్ పెట్టించి పంపేస్తుంటారు, చూసుకోవాలి. ఏదైనా కారణాన గడువు రోజు తప్పిపోతే వెంటనే మర్నాడే కట్టేయండి, మూడు రోజులు దాటితేనే దాన్ని బాకీ పడినట్టు పంపాలి, ఆలస్య రుసుమూ అప్పుడే వేయాలి. ఆ మూడు రోజులు అత్యవసరానికి. వాటిని గడువులో కలిపేసుకోకండి.

ఎన్నాళ్లలో ఎంత పెరుగుతుంది అని మీరు అడగలేదు గానీ మనసులో ఉంటుంది. ఇంత అని అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు తలుపు తీస్తాయి. ఆరు నెలలు సక్రమంగా కడితే కదలిక కనబడుతుంది. మీలాగా సెటిల్‌మెంట్ ఉన్నవాళ్లు ఏడాది, ఏడాదిన్నర చేతిలో పెట్టుకోవాలి. మధ్యలో ప్రతి వారం యాప్ తెరిచి చూసుకుని దిగులు పడొద్దు, మూడు నెలలకొకసారి చూస్తే చాలు.

మధ్యలో ఎవరైనా మీతో, మీ ఆయన పేరు మీద ముద్రా లోను పెట్టేయండి, ఆయన రికార్డు శుభ్రంగా ఉంది కదా అంటారు. భార్య స్కోరు భర్తకి అంటదు, అది నిజమే. కానీ కుట్టేది మీరు, జాకెట్ తెచ్చే ఆడవాళ్లు నమ్మేది మిమ్మల్ని. ఆ మామగారిని బతికించుకోవడానికి మీ పేరు కాగితం మీద పెట్టింది మీరు. మిషన్ కూడా మీ పేరు మీదే రావాలని నా కోరిక. ఏడాది ఆగగలిగితే ఆగండి. ముహూర్తాల ముందు మిషన్ తప్పనిసరి అయితే అప్పుడు వేరే మాట.

మీ ఆయన గురించి. అన్నం దగ్గర్నుంచి లేచిపోయే మనిషి ఆ ఫోన్లన్నీ ఎత్తినవాడై ఉంటాడు. ఆయన భయం నిజమైనది, వాదించి గెలవకండి. ఆయనకి తెలియకుండా మాత్రం ఈ కార్డు తీసుకోవద్దు. బిల్లు మెసేజ్ ఆయన ఫోనుకి కూడా వచ్చేలా పెట్టుకోండి లేదా వచ్చిన రోజు మీరే చూపించండి. కట్టాక బాకీ సున్నా అని వచ్చే మెసేజ్ కూడా చూపించండి. రెండు మూడు నెలలకి ఆయనే అడుగుతాడు, ఈ నెల కట్టావా అని. కార్డు వాడని రోజుల్లో ఆయన దగ్గరే ఉంచమన్నా తప్పులేదు.

డిపాజిట్ వేయడానికి పోయిన రోజు ఆధార్, పాన్ కార్డు, పాస్‌బుక్ తీసుకెళ్లండి. సంతకానికి ముందు వాళ్లని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాది ఫీజు ఉందా, జీవితాంతం ఉచితమా అన్నది మొదటిది. నా 590 మీకు గుర్తుండాలి కాబట్టి ఫీజు లేనిదే తీసుకోండి. డిపాజిట్ గడువు తీరితే దానంతటదే తిరగరాస్తారా, కార్డు ఆగిపోతుందా అని అడగండి. లిమిట్ దాటి వాడుకునే వీలు మీ అనుమతి లేకుండా పెట్టకూడదు, వద్దని చెప్పండి. ఇక ఎప్పుడైనా కార్డు మూసేయమంటే, బాకీ లేకపోతే, ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 మీకివ్వాలి. మూసిన ఎన్ని రోజులకి డిపాజిట్ చేతికొస్తుందో అక్కడే కాగితం మీద రాయించుకోండి. బ్యాంకు వినకపోతే, ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల తర్వాత, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. అక్కడ దారి చెప్పే ఉచిత నంబరు 14448, తెలుగులో మాట్లాడతారు.